అదే అడ్రస్ మీద ఇంకొకరు

జూలూరుపాడు దాటాక అడవి అంచున ఉన్న ఆ ఇంట్లో, వాన పడితే సెల్ సిగ్నల్ కిటికీ దగ్గర మాత్రమే అందేది. స్తుతి అక్కడే నిలబడి భర్త పేరు సెర్చ్‌లో కొట్టింది. మళ్లీ కొట్టింది. తను పెట్టించిన పేజీ ఎక్కడా లేదు.

ఆమె భర్త జయరాజ్ మైక్ సెట్లు కిరాయికిచ్చేవాడు. భద్రాచలం అవతల ఏదో ప్రార్థన కూడికకని ట్రాలీ ఆటోలో బయల్దేరాడు. ఆటో అడవి రోడ్డు మీద దొరికింది. ఇంజను ఆగలేదు. మైకు ఆన్‌లోనే ఉంది. మనిషే లేడు. పోలీసులు వెతికి వెతికి మానేశాక, స్తుతి ఖమ్మంలో వెబ్‌సైట్లు చేసే లాలుతో ఒక పేజీ పెట్టించింది. జయరాజ్ ఫొటో, కింద తన ఫోన్ నంబరు. పేరు కొడితే అదే మొదట వచ్చేది. ఎక్కడెక్కడి నుంచో ఫోన్లు వచ్చేవి. ఆ ఫోన్ల మీద ఆశతోనే ఆమె, అత్త సంపూర్ణ రోజులు నెట్టుకొస్తున్నారు. ఇప్పుడవీ ఆగిపోయాయి.

పేజీ ఎందుకు కనబడట్లేదని లాలుకు ఫోన్ చేసింది.

"చవక హోస్టింగ్ కదక్కా. కిరాయి ఇంట్ల వాటాల లెక్క, ఒక్క సర్వర్ల శానా సైట్లుంటయ్. అందరికీ ఐపీ అడ్రస్ ఒక్కటే."

"పక్కోళ్ల వల్ల సెర్చ్‌ల మనం కిందికి పోతమా?"

"మామూలుగా పోం. మరీ పాడు సైట్లు పక్కన జేరితేనే అనుమానం. మన పక్కన పేరు లేని సైటు ఒకటి కనబడ్డది. లింకు పంపుత, చూడు."

తెరిచింది. తెల్లటి పేజీ. పైన రాసి ఉంది: 'స్తుతి కనిపించడం లేదు.'

ఫొటోలో ఆమే. దూరంగా, చెట్ల సందుల్లోంచి తీసింది. బోరు దగ్గర బట్టలు పిండుతోంది. ఒంటి మీద పొద్దున కట్టుకున్న పసుపు చీరే. కింద జయరాజ్ నంబరు.

ఎన్నాళ్లుగానో స్విచాఫ్ వస్తున్న ఆ నంబరుకు చేసింది. ఈసారి మోగింది. ఎవరో ఎత్తారు. మాట లేదు. మైకుకు నోరు ఆనించి ఊపిరి పీల్చినట్టు... గరగర. కట్ చేసి లాలుకు కొట్టింది.

"మార్చు లాలూ. వేరే సర్వర్‌కు జల్దీ మార్చు."

"ఐపీ మారిస్తే ర్యాంకు పెరుగుతదని లేదక్కా..."

"మార్చమంటున్న!"

మార్చాడు. పేజీ నిజంగానే పైకొచ్చింది. ఒక లారీ డ్రైవర్ ఫోన్ చేసి, అసుంటి మనిషిని చర్ల రోడ్డులో చూసిన అన్నాడు. సంపూర్ణ మోకాళ్ల మీద కూలబడి ఏడ్చింది. ఆ వారం ఇద్దరూ కడుపునిండా తిన్నారు.

తర్వాత పేజీ మళ్లీ మాయమైంది. లాలు గొంతు తగ్గించి చెప్పాడు. "ఆ పేరు లేని సైటు... ఈ ఐపీ మీదికి గూడ వచ్చిందక్కా. నేనైతే తేలేదు."

ఈసారి ఫొటో చెట్ల నుంచి కాదు. ఇంటి వాకిట్లో నిలబడి తీసింది.

"ఎవ్వరూ లేని అడ్రస్ ఇయ్యి నాకు," అంది స్తుతి.

అది సిద్ధమయ్యేసరికి సాయంత్రమైంది. వాన. కరెంటు పోయింది. గదిలో కుళ్లిన ఆకుల వాసన.

"అయిపోయిందక్కా. ఈ ఐపీ మీద నీ సైటు ఒక్కటే."

భర్త పేరు కొట్టింది. ఒకే ఒక్క పేజీ వచ్చింది. తెరిచింది.

తన వీపు. కిటికీ. చేతిలో వెలుగుతున్న ఫోను.

వెనక్కి తిరగలేదు. చెవి పక్కన గరగర... తెరమీద అక్షరాలు మారాయి. 'స్తుతి దొరికింది.'

గిర్రున తిరిగింది. ఎవరూ లేరు.

సంపూర్ణ టార్చితో గుమ్మంలోకి వచ్చింది. "స్తుతీ... యాడికి పోయినవు బిడ్డా?"

"ఇక్కడే ఉన్న అత్తమ్మా!"

టార్చి వెలుగు ఆమె ముఖం మీదుగా, గోడ మీదుగా పాకినట్టే, పాకిపోయింది. సంపూర్ణ నిట్టూర్చి తలుపు దగ్గరికేసింది. స్తుతి రెండు చేతులతో బాదింది. చప్పుడు రాలేదు. అరిచింది. తన అరుపు తనకే వినపడలేదు.

వాకిట్లో అడుగులు.

"వచ్చినవా కొడుకా!" సంపూర్ణ పరుగున ఎదురెళ్లిన చప్పుడు. "గిన్ని దినాలు యాడున్నవయ్యా? రా, లోపలికి రా."

"అవ్, అమ్మా. వచ్చిన." మాట వెనక అదే మైకు గరగర.

ఆ గొంతు జయరాజ్‌ది కాదు.