‘బావిలో కన్ను’ ఆఖరి ప్రతి

“మా ఆయన మా నాన్నని చంపాడో లేదో తేల్చి చెప్పండి,” అంది వచ్చినామె. “విడిపించమని అడగట్లేదు. చంపాడో లేదో తెలిస్తే చాలు.”

హెడ్డుగారు రాస్తున్న పెన్ను ఆపాడు. హెడ్ కానిస్టేబులుగా పనిచేసినన్నాళ్ళూ భర్తల కోసం లబోదిబోమన్న ఆడవాళ్ళని ఎంతోమందిని చూశాడు కానీ, ఇలా అడిగినామెని చూడలేదు. రిటైరయ్యాక ఊరికే ఇంట్లో కూర్చోలేక ఈ డిటెక్టివ్ మేడమ్ దగ్గర చేరాడు. వయసులో ఆమె ఆయనకంటే చాలా చిన్నదే. అయినా ఆమె తుమ్మితే అందులోనూ ఏదో ఆధారం ఉంటుందని నమ్మేంత గురి ఆయనకి.

“మొదట్నించీ చెప్పమ్మా,” అంది మేడమ్.

ఆమె తండ్రి డ్రాయింగు మాస్టారు. పాతకాలం దయ్యాల కామిక్సు కూడబెట్టడంలోనే ఆయన జీవితం గడిచిపోయింది. భార్య పోయాక ఆ పుస్తకాల మధ్య ఒక్కడే ఉండేవాడు. ఈమధ్య చూపు మందగించింది. స్టవ్ మీద పాలు మాడిపోయినా తెలిసేది కాదు. మా ఇంటికి వచ్చి ఉండండని అల్లుడు బతిమాలాడు, కోప్పడ్డాడు. మొన్న మధ్యాహ్నం మాటా మాటా పెరిగి, “ఈ దయ్యాలన్నిటినీ తగలబెట్టేస్తాను, అప్పుడు ఎలా రారో చూస్తా,” అని అరిచి బయటికొచ్చాడు. ఇరుగూ పొరుగూ అందరూ విన్నారు. సాయంత్రం కూతురు వెళ్ళి తలుపు తీసేసరికి మాస్టారు పుస్తకాల గదిలో నేలమీద పడి ఉన్నాడు. తల వెనక పగిలింది. పుస్తకాలు చదునుగా ఉండేందుకు పైన పెట్టే ఇనప దిమ్మ పక్కనే ఉంది. రాత్రికే పోలీసులు అల్లుణ్ణి పట్టుకెళ్ళారు.

“ఆయనకి కోపం ముక్కు మీద ఉంటుందండీ,” అందామె. “కానీ చెయ్యెత్తి ఎరగడు. ఎరగడనే అనుకుంటున్నా. అలా అనుకోవాల్సి రావడాన్నే భరించలేకపోతున్నా. ఇక ఆయనతో ఒకే కప్పు కింద ఎలా ఉండను?”

మాస్టారి గదికి కిటికీల నిండా మందపాటి తెరలు, గోడల నిండా బీరువాలు. ప్లాస్టిక్ కవర్లలో పుస్తకాలు, వాటి అట్టల మీద తూములోంచి పైకొస్తున్న వెంట్రుకల చెయ్యి, తల లేని పోస్ట్‌మాన్, ఇంటి కప్పు ఎత్తి లోపలికి తొంగిచూస్తున్న రాకాసి బల్లి.

“చిన్నప్పుడు ఇలాంటివి లెక్కల పుస్తకంలో పెట్టుకుని చదివేవాణ్ణి మేడమ్,” అన్నాడు హెడ్డుగారు. “అందుకే నాకు లెక్కలు రాలేదు.”

మేడమ్ బల్ల దగ్గర నిలబడింది. పోలీసులు ఏదీ కదపలేదు. దీపం, భూతద్దం, మీగడ కట్టిన టీ, బిస్కెట్ పొడి.

“దీపం ఉంది, భూతద్దం ఉంది. మరి ఆయన చదువుతున్న పుస్తకమేదండీ?”

హెడ్డుగారు బల్ల కింద కూడా వెతికాడు. ఎక్కడా లేదు. మేడమ్ బీరువాలు ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్ళింది. చాలా కవర్లు కత్తెరతో అడ్డదిడ్డంగా కోసి ఉన్నాయి. పుస్తకాల్ని తిరిగి ఎలా పడితే అలా దోపారు. కొన్నిట్లో బిస్కెట్ పొడి కూడా రాలింది. ఒకే ఒక్క పుస్తకం మాత్రం కొత్త కవరులో, వెనక దళసరి అట్టతో, పెళ్ళికి ముస్తాబైనట్టు ఉంది. పేరు ‘బావిలో కన్ను’. మిగిలినది అదొక్క ప్రతేనని కూతురు చెప్పింది.

కవరుకున్న టేపు చివర కొద్దిగా లోపలికి మడిచి ఉంది. దాన్ని పట్టి లాగగానే ఊడొచ్చింది. లోపల ఒక పేజీ అడ్డంగా చిరిగింది. ఆ చిరుగుని ఉల్లిపొర కాగితంతో ఎంత నేర్పుగా అతికారంటే, దీపానికి పెట్టి చూస్తే తప్ప తెలియలేదు.

మేడమ్ పోస్టుమార్టం డాక్టరుకి ఫోన్ చేసింది. పెట్టేసి హెడ్డుగారి కేసి తిరిగింది.

“దెబ్బ తగలగానే పోలేదట హెడ్డుగారూ. చాలాసేపు ఊపిరి ఆడిందట. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్తే బతికేవాడట.”

మాస్టారి పుస్తకాల మీద కన్నున్నవాళ్ళు ఇద్దరే. పాత పుస్తకాల షాపాయన ఒకరు, మాస్టారి చిన్ననాటి స్నేహితుడైన పళ్ళ డాక్టరు ఇంకొకరు.

షాపాయన ఓ చినిగిన అట్టకి వెడల్పాటి టేపు అతికిస్తూ మాట్లాడాడు. “ఆ పొద్దున నేనే వెళ్ళానండీ. ‘బావిలో కన్ను’ కవరు కోసి బల్ల మీద పడేశారు. నాకు గుండె ఆగినంత పనైంది. పేజీలన్నీ తిరగేశా, చింకా చిరుగూ లేదు. అమ్మండి మహాప్రభో అన్నా. కళ్ళు పోయేలోగా అన్నీ ఓసారి చదివేయాలి, తర్వాత చూద్దాం పొమ్మన్నారు.”

“మళ్ళీ వెళ్ళలేదా?”

“షాపు వదిలి ఎలా వెళ్తానండీ?”

హెడ్డుగారు ఈలోగా ఓ కామిక్సు కవరు విప్పబోయాడు. టేపు ఎక్కడ మొదలైందో దొరక్క గోళ్ళతో గీకాడు. చివరికి అట్ట మీది రాకాసి ముక్కుతో సహా ఊడొచ్చింది.

“పర్లేదు లెండి, ఇంకో ముక్క అతికిస్తే సరి,” అన్నాడు షాపాయన.

పళ్ళ డాక్టరు క్లినిక్‌లో, వచ్చే పిల్లల కోసం బల్ల మీద బొమ్మల పుస్తకాలు పేర్చి ఉన్నాయి. కవర్లలోనే ఉన్నాయి. హెడ్డుగారు ఒకటి తీసి టేపు లాగాడు. “ఇక్కడ హాయిగా వచ్చేసింది మేడమ్,” అన్నాడు సంతోషంగా. మేడమ్ ఆ టేపు కేసి చూసింది.

డాక్టరు సన్నటి మనిషి. చేతులు కడిగి, వేలు వేలూ విడివిడిగా తుడుచుకుంటూ వచ్చాడు. మేడమ్‌కి మంచినీళ్ళ గ్లాసు ఆయనే అందించాడు.

“నాదీ వాడిదీ ఒకే బెంచీ. దయ్యాల పిచ్చి ఇద్దరికీ ఒకేసారి పట్టింది. వాడింటికి వెళ్ళి నెల దాటింది. పేషెంట్లతో తీరిక లేదు.” బల్ల మీది పుస్తకాల అంచులు సరిచేశాడు. “ఆఖరికి అన్నీ పాడుచేసుకున్నాడు.”

“మీ బాధ మాస్టారి గురించా, పుస్తకాల గురించా?”

“రెండూ ఒకటే కదండీ,” అన్నాడాయన.

బయటికొస్తూ మేడమ్ ఆ గ్లాసుని గుడ్డలో చుట్టి హెడ్డుగారి సంచిలో వేసింది. పోలీసు కళ్ళ ముందే దొంగతనమా అనుకున్నాడు హెడ్డుగారు.

మర్నాడు మాస్టారి గదిలో అందరూ చేరారు. ఇన్‌స్పెక్టరు అల్లుణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి. గోళ్ళ నిండా ఎంత కడిగినా వదలని నల్లటి జిడ్డు. భార్య ఆ చివర గోడకి ఆనుకుని నిలబడింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

మేడమ్ ‘బావిలో కన్ను’ని బల్ల మీద విప్పి, తన టీ గ్లాసుని నేరుగా దాని మీద పెట్టింది.

“అయ్యో మేడమ్,” అన్నాడు షాపాయన. డాక్టరు ముందుకొచ్చాడు. గ్లాసు తీసి పక్కన పెట్టి, చేతిరుమాలుతో పేజీని అద్దాడు.

“ఇది నేరానికి రుజువు కాదు,” అంది మేడమ్. “పుస్తకం మీద మమకారమున్న వాళ్ళెవరైనా ఆ పని చేస్తారు. రుజువు ఈ పేజీలో ఉంది. మాస్టారు చదువుతున్నది ఈ పుస్తకమే. ఆయన పడిపోయాక దీన్నెవరో బల్ల మీంచి తీసి, అతికి, కొత్త కవరులో పెట్టి, బీరువాలో సర్దారు. పొద్దున షాపాయన చూసినప్పుడు ఈ పేజీ చిరగలేదు. కాబట్టి చిరిగిందీ అతికిందీ ఆ రోజే. భూతద్దం లేనిదే అక్షరం కనపడని మాస్టారు ఇంత సన్నటి పని చెయ్యలేరు. అల్లుడుగారు ముట్టుకుంటే జిడ్డు అంటాలి, అంటలేదు. షాపాయన చిరుగులు ఎలా అతుకుతారో ఆ రాకాసి ముక్కుని అడగండి.”

హెడ్డుగారు తల దించుకున్నాడు.

“టేపు చివర మడిచే అలవాటు నేను చూసిన చోటు ఒక్కటే. డాక్టరుగారూ, నెల నుంచీ ఈ గదిలోకి రాలేదన్నారు. ఉల్లిపొర కాగితం తొడుగులు వేసుకున్న చేతికి అంటుకుపోతుంది, ఒట్టి వేళ్ళతోనే అతకాలి. ఆ జిగురులో మీ బొటనవేలి ముద్ర ఉంది. మీరిచ్చిన గ్లాసు మీద ముద్రతో సరిపోయింది.”

ఇన్‌స్పెక్టరు అవునన్నట్టు తల ఊపాడు. 

“అల్లుడు గొడవపడి వెళ్ళాక వాడే ఫోన్ చేశాడు,” అన్నాడు డాక్టరు నెమ్మదిగా. “కలిసి చదువుకుందాం రారా అన్నాడు. బిస్కెట్ తిన్న చేత్తోనే పేజీ తిప్పుతున్నాడు. లాక్కోబోయాను. చిరిగింది. నవ్వాడు. ‘చిరిగితే చిరిగింది, కథ ఎక్కడికీ పోదు కదరా’ అని అటు తిరిగాడు. ఆ నవ్వు భరించలేకపోయాను.”

“ఆయన కింద పడి ఉంటే మీరు కూర్చుని పేజీ అతికారు,” అంది మేడమ్. ఆమె గొంతులో మొదటిసారి కోపం వినిపించింది. “ఊపిరి ఆడుతోందని మీకు తెలుసు. మీరు డాక్టరు.”

“వెంటనే అతక్కపోతే అంచులు చెదిరిపోతాయండీ,” అన్నాడాయన. ఆ మాట అన్నాక తనేమన్నాడో తనకే వినిపించినట్టుంది. ముఖం పాలిపోయింది. కూతురు నోటికి చీరకొంగు అడ్డం పెట్టుకుంది. 

డాక్టర్ని తీసుకెళ్ళిపోయారు. షాపాయన చెప్పకుండానే జారుకున్నాడు. అల్లుడు భార్య దగ్గరికొచ్చి నిలబడ్డాడు. గడ్డం మాసిపోయి మనిషి సగమయ్యాడు.

“నేనే చంపాననుకున్నావా?”

 ఆమె ‘లేదు’ అంటే సరిపోయేది. హెడ్డుగారైతే మనసులో ఆమె చేత లేదనిపిస్తూనే ఉన్నాడు.

“అనుకున్నాను,” అంది. “మీరు కాదని ఒక్కసారి కూడా గట్టిగా అనుకోలేకపోయాను.”

అతను అర్థమైనట్టు తల ఊపాడు. కోపం ముక్కు మీదుండే మనిషి గొంతు కూడా పెంచలేదు.

“సరే. నువ్వు ఇంటికెళ్ళు. నేను కొన్నాళ్ళు అన్నయ్య వాళ్ళ దగ్గరుంటాను,” అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆమె ఏడవలేదు. మేడమ్ కేసి తిరిగి, ఫీజు ఎంతో చెప్పమని అడిగింది.