ఏం తగ్గింది?

ఆ ఉదయం ఆకాశం కురవలేదు, తెరిపి కూడా ఇవ్వలేదు. పిండకుండా ఆరేసిన గుడ్డలా ఇళ్ల మీద బరువుగా వేలాడుతోంది. వీధి చివర ఇస్త్రీ దుకాణంలో పనిచేసే కోడలు అన్నం డబ్బా మరిచిపోయి ఇంటికి తిరిగొచ్చింది. గుమ్మంలోనే చంటిదాని ఏడుపు వినిపించింది. గుక్క తిప్పుకోలేని ఏడుపు! పాప మంచం కిందికి పాకి, మంచం కోడుకీ గోడకీ మధ్య కాలు ఇరికించుకుంది. చేయి చాస్తే అందేంత దూరంలో అత్తగారు అటు తిరిగి కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. పైగా కూనిరాగం.

కోడలు పాపను పైకి తీసి గుండెకు హత్తుకుంది. నీడ కదిలేసరికి అత్తగారు వెనక్కి తిరిగింది. పిల్ల కందిన ముఖం చూసింది, కోడలి కళ్లు చూసింది.

"ఏడ్చిందా?" అంది మెల్లగా.

ఆ ఒక్క మాటతో కోడలికి తెలిసిపోయింది, అత్తగారికి వినపడటం లేదని... ఆమె చూపు గూట్లోని చెవి చుక్కల మందు సీసా మీదికి పోయింది. తెప్పించింది తనే.

అత్తగారికి కొన్నాళ్లుగా చెవుల్లో ఒకటే హోరు. "జోరీగ దూరి కాపురం పెట్టిందమ్మా, ఖాళీ చెయ్యమంటే చెయ్యదు" అని నవ్వేది. డాక్టరు దగ్గరికి రమ్మంటే మాత్రం చెవిలో పుల్లలు పెడతారని భయం. తల్లి లేకుండా పెరిగిన కోడలికి, ఆకలేస్తోందని చెప్పకముందే పళ్లెం ముందు పెట్టిన మనిషి ఈ అత్తగారు. ఆమె కోసం ఏదో ఒకటి చెయ్యాలని, ఇస్త్రీ పెట్టె వేడెక్కేలోపు ఫోనులో వెతికేది. 'చెవి చుక్కలన్నీ పోల్చి చూశాం, ఇదే మేలైనది' అంటూ ఒక పేజీ కనిపించింది. తెల్లకోటు వేసుకున్న మనిషి బొమ్మ. కింద వాడినవాళ్ల మాటలు బారులు తీరి ఉన్నాయి. 'వాడాను, తగ్గింది.' 'మా అమ్మకు చాలా తగ్గింది.' 'తొందరగా తగ్గింది.' ఇంతమంది అబద్ధమాడతారా అనుకుంది. చుక్కలు వేసినప్పుడల్లా "తగ్గిందా అత్తయ్యా?" అని అడిగేది. "తగ్గిందమ్మా" అనేది ఆమె. ఆ మాట చాలు, కోడలు ఆ పూటంతా తేలికగా పనిచేసుకునేది...

కబురు తెలిసి పక్క వీధి నుంచి ఆడపడుచు వచ్చింది. బడి వంటశాలలో పనిచేసే మనిషి, గొంతు గంటలా ఉంటుంది.

"ఫోను చెప్పిందని మా అమ్మ చెవుల్లో పోశావా? రేపు అది బావిలో దూకమంటే దూకుతావా?"

"అంతమంది బాగుందన్నారు వదినా..."

"ఎవరే ఆ అంతమంది? ఎప్పుడైనా మనింటికొచ్చి మంచినీళ్లు తాగారా?"

కోడలు పాప జుట్టులో ముఖం దాచుకుంది. లారీల మెకానిక్కు అయిన భర్త, చేతి గ్రీజు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. "తిట్టుకోడానికి బోలెడు టైముంది అక్కా. ముందు ఆస్పత్రికి పదండి" అన్నాడు.

డాక్టరమ్మ లైటు వేసి రెండు చెవులూ చూసింది. సీసా అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇందులో ఏం కలిపారో కూడా రాయలేదు. లోపల గులిమి నాని, ఉబ్బి, దారి మూసేసింది. చర్మం కమిలింది. శుభ్రం చేస్తాను. వినికిడి ఎంత తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పలేను."

తల్లి చెయ్యి పట్టుకుని కొడుకు లోపలికి వెళ్లాడు. బయట బల్ల మీద కోడలు ఆ పేజీ మళ్లీ తెరిచింది. మొదటిసారి ఆశతో చదివింది. ఇప్పుడు దొంగను నిలదీసినట్టు చదివింది. రాసిందెవరో పేరు లేదు. ఎప్పుడు రాశారో లేదు. పోల్చి చూశామన్నారు గానీ ఎలా చూశారో లేదు. అన్నిటికన్నా కింద, కంటికి ఆనని బూడిద రంగు అక్షరాల్లో, 'ఇక్కడి నుంచి కొంటే మాకు వాటా వస్తుంది' అని ఉంది. 'చాలా తగ్గింది' అన్న ఒకరి మాట కింద ఇంకెవరో 'ఏం తగ్గింది?' అని అడిగారు. దానికి జవాబు: 'వినపడటం.'

జ్వరం తగ్గినా తగ్గిందే అంటాం, చూపు తగ్గినా తగ్గిందే అంటాం. ఆ మాటలన్నిట్లో ఏవి మందును మెచ్చుకున్నవో, ఏవి ఏడుపులో! ఆమెకు కళ్లు మసకబారాయి.

అత్తగారిని బయటికి తీసుకొచ్చారు. ఎడమ చెవి తెరుచుకుంది. కుడి చెవిలో కొంత లోటు ఉండిపోవచ్చని డాక్టరమ్మ చెప్పింది.

కోడలు ఎడమవైపు కూర్చుంది. "అడిగినప్పుడల్లా తగ్గిందన్నారు కదా అత్తయ్యా..."

"అబద్ధం చెప్పలేదు తల్లీ. తగ్గిందనే అన్నాను. ఏం తగ్గిందో నువ్వడగలేదు, నేను చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు?"

అత్తగారు కోడలి అరచేతిలో ఇస్త్రీ కాలిన మచ్చను వేలితో తడిమింది. "నా చెవి గోల ఇంట్లో అందరూ విన్నారు. మందు వెతికింది నువ్వొక్కదానివే. నాకోసం అంత తాపత్రయపడినవాళ్లు ఎవరున్నారే... పనికిరాలేదంటే నీ ముఖం చిన్నబోతుందని ఊరుకున్నాను. ఇవాళ పసిదాన్ని చూశాక నా తప్పు తెలిసింది. ఇంకెప్పుడూ దాచనులే."

కోడలు ఆమె భుజం మీద తల ఆనించి ఏడ్చింది. ఆడపడుచు కొంగుతో మరదలి ముఖం తుడిచి, "నాకు తట్టనిది నీకు తట్టింది. అమ్మ నీ దగ్గరుండటం మా అదృష్టం" అంది, ఆమె గొంతుకు అలవాటు లేనంత మెల్లగా.

"ఏమిటంటోంది?" అంది అత్తగారు.

"నిన్ను తిడుతున్నానమ్మా."

"అయితే ఇటు కుడివైపుకొచ్చి కూర్చో. హాయిగా ఉంటుంది."

అందరికీ నవ్వొచ్చింది.

ఇంటికి బయలుదేరేముందే కోడలు ఆ పేజీలో తన మాట రాయడానికి ఫోను తీసింది. ఆడపడుచు పక్కన చేరింది. "తగ్గిందని ఊరికే రాయకు. ఏం తగ్గిందో రాయి."

'మా అత్తగారికి చెవి హోరు తగ్గలేదు. వినికిడి తగ్గింది. డాక్టరు శుభ్రం చేశాక ఒక చెవి బాగుపడింది. సీసా మీద ఏం కలిపారో లేదు. ఈ పేజీవాళ్లకు అమ్మకంలో వాటా ఉంది, అట్టడుగున చూడండి. ముందు డాక్టరుకు చూపించండి.'

"తుడిచేస్తారేమో వదినా."

"తుడిస్తే మళ్లీ రాద్దాం. మన వేళ్లేం అరిగిపోవు."

ఇంట్లో వంట పూర్తయ్యేసరికి దాని కింద ఒక జవాబు ఉంది. 'మా నాన్నకు కొనబోయి ఆగాను. మీ అత్తగారికి నా దణ్ణాలు చెప్పండి.' కోడలు చదివి వినిపించింది. ముక్కూ ముఖం తెలియని మనిషి దణ్ణానికి అత్తగారు కూడా చేతులు జోడించింది.

ఆడపడుచే వడ్డించింది. మొదటి పళ్లెం మరదలి ముందు పెట్టింది. భర్త గ్లాసుల్లో నీళ్లు పోస్తుంటే అత్తగారు ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయింది, ఎడమ చెవి అటు తిప్పి. గరిటె గిన్నె అంచును తాకింది. బయట సైకిలు గంట మోగింది. ఆమె ముఖం ఒక్కో చప్పుడునూ గుర్తుపడుతోంది. ఆమెను విననిస్తూ, అందరూ నెమ్మదిగా అన్నం తిన్నారు.