తిప్పడం మరిచిన రొట్టె

"ఒసే ఈశ్వరీ! తిప్పీసేవా?" మంచం మీద నుంచి తవిటమ్మ మామ్మ కేకేసింది.

"తిప్పీసేను మామ్మా!" అంది ఈశ్వరి.

నిజంగానే తిప్పింది. కాకపోతే ఆ పిల్ల తిప్పింది కొత్త టోస్టర్ మీదున్న గుండ్రటి మీట. మామ్మ తిప్పమన్నది పాత టోస్టర్లో రొట్టెని!

పాత వస్తువునీ కొత్త వస్తువునీ పోల్చి రేపు క్లాసులో చెప్పాలని తిరుమలరావు మాస్టారు అన్నారు. పాత టోస్టర్ తాతయ్యది. రెండు పక్కలా రేకు తలుపులు, మధ్యలో ఎర్రగా కాలే తీగ. ఒకవైపు కాలాక రొట్టెని చేత్తో తిప్పాలి. కళింగపట్నం బీచ్ దగ్గర టీ బడ్డీ నడిపినన్నాళ్లూ ఆయన దాంట్లోనే రొట్టె కాల్చాడు. ఆయన పోయాక మామ్మకి అన్నం సయించడం లేదు. పొద్దున్నే ఎలాగో లేచి, ఆ డబ్బాలో రొట్టె కాల్చుకుని టీలో ముంచుకు తింటుంది. ఆమె తినేది దాదాపు అదే.

కొత్తది నాన్న ధనరాజ్ శ్రీకాకుళంలో కొన్నాడు.

రెండింట్లోనూ రొట్టె పెట్టి, ఈశ్వరి చక్కా పోయి టీవీ ముందు కూర్చుంది. కొత్త టోస్టర్ టక్కుమని రొట్టెని పైకి నెట్టింది. చక్కటి రంగొచ్చింది. పాతదాంట్లో రొట్టె ఒకవైపు బొగ్గు, రెండోవైపు పచ్చి.

పాతది ఓడిపోయిందని తీర్పు చెప్పేసింది. చెప్పి ఊరుకుందా? సాయంత్రం పాత సామాన్ల బండి వస్తే, ఆ డబ్బా ఇచ్చేసి ప్లాస్టిక్ టబ్బు తెచ్చింది. అమ్మ మెచ్చుకుంటుందనుకుంది.

తెల్లారాక మామ్మ అడిగింది. "మీ తాత డబ్బా ఏదే?"

"పాడైపోనాది మామ్మా. రొట్టె మాడ్సేస్తంది. పాత సామాన్లకి ఇచ్చీసేను."

మామ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. గోడవైపు తిరిగి పడుకుంది.

నాన్న ఈశ్వరిని బండెక్కించుకుని పాత సామాన్ల కొట్టుకి పరిగెత్తాడు. అప్పటికే తీగ లాగేశారు. రేకు తలుపులు సుత్తితో అణిచేశారు.

"ఇంకేటి సేస్తాం," అన్నాడు నాన్న. ఈశ్వరి దారంతా ఏడుస్తూనే ఉంది.

ఆ రోజు క్లాసులో కొత్త టోస్టరే గెలిచిందని ఈశ్వరి చెప్తే అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆ పిల్లకి వినబుద్ధి కాలేదు.

తర్వాత రోజూ కొత్త టోస్టర్లో రొట్టె కాల్చి, పళ్లెం మంచం పక్కన పెట్టి స్కూలుకి పరిగెత్తేది. సాయంత్రం వచ్చేసరికి రొట్టె అలాగే ఉండేది, చీమలు పట్టి. అమ్మ బతిమాలింది. నాన్న బతిమాలాడు. మామ్మ చేతులు పుల్లల్లా అయిపోయాయి. మామ్మ కూడా పోతుందేమోనని ఈశ్వరికి భయమేసింది. తనే చంపేస్తున్నట్టు అనిపించింది.

ఆదివారం ఇక ఆగలేకపోయింది. "దీన్లో అస్సలు మాడదు మామ్మా! తిను!" అని భోరుమంది.

"బాగున్నాదే అమ్మా. మీ తాత కాల్సినదానికంటే బాగున్నాది," అంది మామ్మ రొట్టె వంక చూసి నీరసంగా. "ఆ డబ్బాలో రొట్టెడితే మీ తాత అక్కడి నుంచి కదిలీవోడు కాడు. తిప్పకపోతే మాడిపోతాది కదా. తిప్పీదాకా నాతో కబుర్లాడీవోడు. ఆయన పోనాక నానూ అక్కడే నిలబడి ఆయనతో మాటాడీదాన్ని. ఇప్పుడెక్కడ నిలబడనే?"

ఈశ్వరి వంటింట్లో ఉన్న కొత్త టోస్టర్ వైపు చూసింది.

సోమవారం పొద్దున్న కొత్త టోస్టర్ని మంచం పక్కకి తెచ్చి ప్లగ్గు పెట్టింది. రొట్టె వేసి, మంచానికి ఆనుకుని నేల మీద కూర్చుంది. బయట స్కూలు ఆటో హారన్ కొట్టింది.

"ఈశ్వరీ, ఆటో!" అంది అమ్మ.

"ఎల్లిపొమ్మనమ్మా. నాను నడిసి ఎల్తాను."

తర్వాత తల దించుకుని చెప్పింది. "మామ్మా, రొట్టె మాడింది డబ్బా వల్ల కాదు. నాను టీవీ కాడికి ఎల్లిపోనాను. డబ్బా పాడవలేదు. నాను అబద్ధం సెప్పేను."



రొట్టె టక్కున పైకి లేచింది. ఈశ్వరి పళ్లెంలో పెట్టి, టీ గ్లాసుతో పాటు మామ్మకి అందించి, మళ్లీ అక్కడే కూర్చుంది. ఏం మాట్లాడాలో తెలియక, తాతయ్య ఓసారి బడ్డీలో తనని బల్ల మీద కూర్చోబెట్టి టీ గ్లాసులు కడగడం నేర్పిన సంగతి ఎత్తుకుంది. చెప్తూ చెప్తూ ఏడుపొచ్చి ఆగిపోయింది.

మామ్మ రొట్టె అంచు తుంచి టీలో ముంచింది.

"ఆగిపోనావేటే? గ్లాసు బద్దలుకొట్టీసేవు కదా, అప్పుడు మీ తాత ఏటన్నాడు?"