వాగుడుకాయ గుండె

లిఫ్ట్ తలుపులు తెరుచుకున్నాయి. వాగుడుకాయ బయటికి అడుగుపెట్టాడు. సైలెన్సర్ బిగించిన పిస్టల్ ఒక్కసారి దగ్గింది.

వీధి చివర కారులో, చెవిలో ఇయర్‌పీస్‌తో కూర్చున్న మౌనికి ఆ చప్పుడు వినిపించలేదు. ఆ తర్వాతి నిశ్శబ్దమే వినిపించింది. ఏళ్ళ తరబడి ఆ చెవిలో వాగుడుకాయ నోరు మూతపడిన క్షణం లేదు. శత్రువును వెంబడిస్తూ కూడా చెప్పు కరుస్తోందనో, ఎదురుగా వచ్చే లావుపాటాయన విగ్గు జారుతోందనో గుసగుసలాడుతూనే ఉండేవాడు. అలాంటివాడు మాట మధ్యలో ఆగిపోయాడు. మౌని కారు దిగి పరుగెత్తాడు.

గూఢచారుల డిపార్ట్‌మెంట్‌లో అసలు పేర్లు ఉండవు. పది మాటలకు ఒక మాట బదులిస్తాడు కాబట్టి ఇతడు మౌని. అతడు ఒక మాటకు పది చెబుతాడు కాబట్టి వాగుడుకాయ. పెళ్ళీ పిల్లలూ లేని మౌనిని “తిన్నావా?” అని అడిగే గొంతు లోకంలో అదొక్కటే.

మర్నాడు ఉదయం మౌని ఒక డ్రైక్లీనింగ్ షాపులోకి వెళ్ళాడు.

“కోటు మీద మరక పోతుందా?”

“సిరా మరకైతే కష్టం.” కౌంటర్ మనిషి తల ఎత్తకుండానే బల్ల కింద బటన్ నొక్కాడు.

ఆవిరి కక్కే ఇస్త్రీ యంత్రాల వెనక గదిలో చీఫ్ కూర్చుని ఉన్నాడు.

“బ్రెయిన్ డెడ్. రెండుసార్లు పరీక్షించారు. వెంటిలేటర్ మీద గుండె మాత్రం ఆడుతోంది. అవయవదానానికి పేరు రాయించుకున్నాడట, తెలుసా?”

“చెప్పాడు.”

“అతనికీ తెలియని సంగతి ఒకటుంది. తలకే ఎందుకు గురిపెట్టారంటావ్? గుండె చెక్కుచెదరకూడదు కాబట్టి.”

చీఫ్ క్లుప్తంగా చెప్పాడు. ఒక విదేశీ ముఠా. గుండె పాడైపోయి మంచం పట్టిన ఒక ఆయుధాల వ్యాపారి. వరుసలో నిలబడి ఎదురుచూసే ఓపిక అతనికి లేదు. బ్లడ్ గ్రూపూ, గుండె సైజూ సరిపోయే మనిషి కోసం వెతికితే, ముఠా గుట్టు తవ్వుతున్న వాగుడుకాయే దొరికాడు. వాళ్ళకు ఒక్క బుల్లెట్‌తో రెండు పనులు అయిపోయాయి.

“న్యాయంగా ఆ గుండె ఇంకో నగరంలో ఉన్న ఫుట్‌బాల్ రిఫరీకి వెళ్ళాలి. వైరల్ జ్వరం వచ్చి గుండె కండరం దెబ్బతింది. పాపం, మెషిన్ మీద బతుకుతోంది. దారిలో కొట్టేస్తారని సమాచారం. ఎక్కడో తెలీదు.”

“పంపకుండా ఆపేస్తే?”

“ఆమె పోతుంది. నువ్వు పెట్టె వెంట వెళ్ళు. ఆస్పత్రి లోపల మన మనిషి ఉంది, సంపెంగ. అవయవాల తరలింపు చూసే ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్. ముఠా ఆమెను తమ మనిషనుకుంటోంది.”

ఐసీయూలో వాగుడుకాయ అక్క తమ్ముడి చెయ్యి పట్టుకుని కూర్చుంది. స్కూల్లో లైబ్రేరియన్. తమ్ముడు ట్రాక్టర్ పార్టులు అమ్ముతాడనే ఆమె నమ్మకం. మౌనిని కంపెనీ మనిషనుకుంది.

“ఒళ్ళు వెచ్చగా ఉంది కదమ్మా. ఛాతీ లేస్తోంది. పోయాడంటారేంటి?”

సర్జన్ ఆమె పక్కన కూర్చుంది. “ఆ ఊపిరి మెషిన్‌దమ్మా. ఆపి చూశాం. తనంతట తాను ఒక్క శ్వాస కూడా తీసుకోలేదు.”

“వీడు రాయించుకున్నా నేను ఒప్పుకోవాలా?”

“మీరు వద్దంటే మేం ముట్టుకోం.”

ఆమె చాలాసేపు అతని వేళ్ళు నిమిరింది. “వీడి నోట్లో నువ్వుగింజ నానదు. నా దగ్గర ఏనాడూ ఏదీ దాచలేదు. ఇదీ దాచుకోడులే. ఇచ్చేయండి.”

మౌని కిటికీ వైపు తిరిగాడు. అబద్ధం ఆమెను కాపాడుతోంది, సరే. రేపు తను అలా పడుకుంటే ఆ మాట అనడానికి ఎవరొస్తారు?

గుండె బయటికి తీసేసరికి మౌని టెక్నీషియన్ యూనిఫాంలో ఉన్నాడు. అతనెవరో తెలిసినవాళ్ళు సర్జన్, సంపెంగ మాత్రమే. పెట్టెలో గాజు మూత కింద గుండె కొట్టుకుంటోంది. సర్జన్ దాని మీద, లోపలిది కనబడనివ్వని రెండో మూత బిగించింది.

“ఇదివరకు ఐస్‌లో పెట్టుకుని పరుగులు తీసేవాళ్ళం. ఇప్పుడు వెచ్చటి రక్తం తిరుగుతుంటుంది, గుండె ఆడుతూనే వెళ్తుంది. స్క్రీన్ మీద గుండె వేగం చూపే అంకె కదలకుండా ఉంటే భయపడకండి. ఒంట్లో ఉన్నప్పుడు ఊపిరి పీలిస్తే కాస్త వేగం, వదిలితే కాస్త నిదానం. నరాలు చెబుతుంటాయి. దీనికి నరాలు తెగిపోయాయి. చెప్పేవాళ్ళు లేరు. తన మానాన తను కొట్టుకుంటుంది.”

మౌని తల ఊపాడు. అలా బతకడం అతనికి కొత్త కాదు.

కాలేయం, కిడ్నీలు తీయాల్సి ఉండడంతో సర్జన్ ఆస్పత్రిలోనే ఆగిపోయింది. పోలీసులు ఖాళీ చేయించిన రోడ్ల మీద అంబులెన్స్ విమానాశ్రయానికి దూసుకెళ్తోంది. ఎదురుగా సంపెంగ. మెడలో సిల్క్ స్కార్ఫ్, చూపు తిప్పుకోనివ్వని కళ్ళు. ఆమె అతని చేతి మీద చెయ్యి వేసింది.

“నీకెవరూ లేరని విన్నాను. ఈ పనయ్యాక కాఫీకి వస్తావా?”

మనిషి స్పర్శ తెలిసి ఎంత కాలమైందో! మౌని చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయాడు. అందుకే, రన్‌వే దగ్గర “నువ్వెళ్ళి సీటు బెల్టులు సరిచూడు, పెట్టె నేను పంపిస్తా” అని ఆమె అంటే మారుమాట్లాడకుండా చిన్న విమానం ఎక్కాడు.

పెట్టె వచ్చింది. సంపెంగ కిందనుంచే చెయ్యి ఊపింది. తలుపు మూసుకుంది.

మౌని స్క్రీన్ వైపు చూశాడు. అంకె నెమ్మదిగా పెరిగింది. తగ్గింది. మళ్ళీ పెరిగింది.

ఈ గుండె ఊపిరి పీలుస్తోంది! ఎవరో బతికున్న మనిషి గుండె రికార్డింగ్ అది. మూత పీకి చూశాడు. లోపల నీళ్ళ సీసాలు.

“తలుపు తెరువ్!”

అతను కిందికి దూకేసరికి అవతల తెల్లటి విదేశీ జెట్ దగ్గర్నుంచి కేటరింగ్ వ్యాన్ వెనక్కి మళ్ళుతోంది. అసలు పెట్టె అందులోనే వెళ్ళి ఉంటుంది. జెట్ ఇంజన్లు అప్పటికే అరుస్తున్నాయి. పక్కనే సామాన్లు లాగే ట్రాక్టర్ కనిపించింది. మౌని ఎక్కి, సరాసరి జెట్ ముందు చక్రానికి అడ్డంగా తోలి ఆపాడు. ట్రాక్టర్ పార్టుల సేల్స్‌మన్ చూసి ఉంటే ఎంత వాగేవాడో! చెవిలో ఇయర్‌పీస్ మాత్రం చల్లగా, మూగగా ఉంది.

ఇంకా పైకి లేపని మెట్ల మీంచి లోపలికి దూకాడు. పెట్టె పక్కన సంపెంగ. ఆమె వేలు రక్తం తిప్పే పంపు స్విచ్ మీద ఉంది.

“ఇంకో అడుగు వేస్తే ఆపేస్తాను. మనిషి ఎలాగూ చచ్చాడు. చచ్చినవాడి గుండె కోసం నువ్వూ చస్తావా?”

“మీ లెక్కలో చచ్చాడు. నా లెక్కలో ఇంకా డ్యూటీలోనే ఉన్నాడు.”

“నీతో మాట్లాడే మనిషి ఇక ఎవరున్నారు? నాతో వచ్చెయ్.”

ఆ ప్రశ్న గుచ్చుకుంది. జవాబుగా మౌని మణికట్టు తిప్పాడు. వాచీలోంచి మత్తు సూది ఎగిరి స్కార్ఫ్ పక్కన దిగింది. కూలిపోతూనే ఆమె స్విచ్ నొక్కేసింది.

పంపు ఆగింది. అలారం గోలపెట్టింది. మౌని ఆమె మీదుగా దూకి స్విచ్ పైకెత్తాడు. ఏమీ జరగలేదు. మళ్ళీ ఎత్తాడు. పంపు ఒకసారి మూలిగి తిరగసాగింది. స్క్రీన్ మీద గీత ఒక పెద్ద అల, ఒక చిన్న అల వేసి, దారిన పడింది.

“ఏదైనా వాగరా,” అన్నాడు మౌని పెట్టె మీద అరచెయ్యి ఆనించి. జీవితంలో అతను ఒకరిని మాట్లాడమని అడిగింది ఆ ఒక్కసారే.

ముఠా పట్టుబడింది. ఆ సాయంత్రమే గుండె రిఫరీ ఛాతీలోకి చేరింది. ఇచ్చినవాళ్ళెవరో ఆమెకు చెప్పరు, తీసుకున్నదెవరో అక్కకు చెప్పరు. ఆస్పత్రి నియమం అది. తనెవరో ఎవరికీ చెప్పకూడదన్నది మౌని ఉద్యోగ నియమం. రెండింటి మధ్యా నిజం తెలిసీ నోరు విప్పడానికి వీల్లేని మనిషిగా అతను మిగిలాడు.

ఏడాది తిరిగాక ఒక ఆదివారం ఉదయం మౌని ఇంకో నగరంలో, పిల్లల ఫుట్‌బాల్ మైదానం గట్టు మీద కూర్చున్నాడు. మనవరాలి ఆట చూడ్డానికొచ్చిన ఒక పెద్దాయన అతని పక్కకు జరిగాడు.

“మీవాళ్ళెవరైనా ఆడుతున్నారా బాబూ?”

“ఒకడున్నాడండీ. పరుగెడుతున్నాడు.”

“ఏ పక్షం?”

రెండు జట్ల మధ్యలోంచి రిఫరీ దూసుకొచ్చి, చెంపలు ఎర్రబడేలా ఈల ఊది గోల్ రద్దు చేసింది. మైదానం నాలుగు వైపులా ఆమె మీద విరుచుకుపడింది.

“ఇదివరకు ఒకే పక్షం తరఫున పనిచేసేవాడండీ,” అన్నాడు మౌని. “ఇప్పుడు రెండు పక్షాలూ తిడుతున్నాయి.”