కమ్మింగ్ వాల్ట్‌లో కార్డు

శనివారం ఉదయం తొమ్మిదింటికి, నార్త్ కరోలినాలోని మోరిస్‌విల్ ఇండియన్ స్టోర్ ముందు, ఏజెంట్ కౌశిక్ కారు అద్దం మీద ఎవరో తట్టారు. చేతిలో కరివేపాకు కవరు.

"ఆకు తాజాదేనా?" అన్నాడు కౌశిక్.

"ట్రక్కు మంగళవారమే వచ్చింది."

కోడ్ సరిపోయింది. సెక్షన్ చీఫ్ అనురాధ పక్క సీట్లో కూర్చుంది. కూరగాయలు కొనకుండా ఆమె బ్రీఫింగ్ ఇవ్వగా అతనెప్పుడూ చూడలేదు.

"వినయ్ కుమార్," అందామె. "మందుల ఫార్ములాలు దొంగిలించే విదేశీ ముఠాలో మన మనిషి. ముఠావాళ్ళ పేర్లు చేత్తో రాసి, ఫిల్మ్ ముక్క మీదికి ఎక్కించి, ఆటగాడి బొమ్మున్న ఒక బాస్కెట్‌బాల్ కార్డు ప్లాస్టిక్ కేసులో దూర్చాడు. ఖరీదైన కార్డు. కేసు విప్పితే విలువ పోతుంది కాబట్టి ఎవరూ విప్పరని అతని నమ్మకం."

"కార్డెక్కడ?"

"జార్జియాలో. కమ్మింగ్ దగ్గర, ఇలాంటి కార్డులు దాచిపెట్టే ప్రైవేట్ వాల్ట్. కార్డు సంగతి ముఠాకి తెలిసిపోయింది. దాచిందెవరో మాత్రం తెలీదు. చేతిరాత చూస్తే తెలుస్తుంది. వినయ్ ఇవాళ టొరంటోలో వాళ్ళ మధ్యే ఉన్నాడు, రేపు పొద్దున ఫ్లైట్. ఈలోపు కార్డు వాళ్ళకి చిక్కితే ఆ ఫ్లైట్ ఎక్కడు."

"వారెంట్ తీసుకుందామా?"

"తీసుకుంటే కాగితం మీద వినయ్ పేరు రాయాలి. ఆ పేరు మన ఇద్దరికే తెలియాలి. మాయకి కూడా చెప్పకు."

మాయ ఆఫీసు మనిషే. ఆ వాల్ట్ అకౌంట్ మీద కన్నేసి ఉంచమని ఆర్నెల్ల కిందట అనురాధే ఆమెను క్యారీ తెలుగు చర్చిలో పెట్టింది.

"అకౌంట్ వినయ్‌దేనా?"

అనురాధ నిట్టూర్చింది. "చర్చిలో వినయ్‌తో సహా ఆరుగురు కలిసి ఒకే అకౌంట్ వాడుతున్నారు, హోల్‌సేల్ స్టోర్ మెంబర్‌షిప్ వాడుకున్నట్టు. పేరు మాత్రం సంఘ పెద్ద దైవాశీర్వాదంగారిది."

పదింటికి కౌశిక్ క్యారీలో ఆ పెద్దాయన వంటగదిలో ఉన్నాడు. వాల్ట్ పాస్‌వర్డ్ ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది. యాప్ తెరిచాడు. *పికప్: ఈ రోజు 4.45. అధీకృత వ్యక్తి: మాయ.*

"మాయని ఎవరు చేర్చారంకుల్?"

"మన మాయమ్మేనండి. చర్చి క్వయర్‌లో ఆల్టో గొంతు పాడుతుంది. యాప్ అప్‌డేట్ చేస్తానంటే నిన్న ప్రాక్టీస్ అయ్యాక ఓటీపీ చెప్పాను."

"ఎవరికీ చెప్పొద్దని ఆ మెసేజ్‌లోనే ఉంటుంది కదా."

"అది బయటివాళ్ళకి బాబూ. మనవాళ్ళకి కాదు."

కౌశిక్ వరండాలోకి వచ్చి ఫోన్ చేశాడు. "మేడమ్, జార్జియాలో మనవాళ్ళెవరున్నారు?"

"కంగారుపడకు. బ్యాకప్‌గా మాయని పొద్దున్నే ఫ్లైట్ ఎక్కించాను."

అతను యాప్‌లో కనిపించింది చదివి, నిన్నటి ఓటీపీ సంగతి చెప్పాడు. మాయ ముఠాకి అమ్ముడుపోయిందని ఇద్దరికీ అర్థమైంది. అవతల కరివేపాకు కవరు నలిగిన చప్పుడు.

"నువ్వే వెళ్ళు," అంది.

ఆరు గంటల దారి. అకౌంట్ ఓనర్ కావాలి కాబట్టి దైవాశీర్వాదం కూడా కారెక్కాడు, తోడుగా చపాతీలు. ఐ-85 మీద కౌశిక్ వాల్ట్ కస్టమర్ సర్వీస్‌కి కాల్ చేశాడు. మీ కాల్ మాకెంతో ముఖ్యం అంది మెషీన్. సౌత్ కరోలినా మొత్తం అదే మాట అంటూ వచ్చింది. ఒక మనిషి దొరికాడు, అధీకృత వ్యక్తిని తీసేయడానికి డెబ్బై రెండు గంటలు పడుతుందన్నాడు, లైన్ కట్టయింది.

"అంకుల్, యాప్‌లో సమస్య చెప్పండి అనే బటన్ ఉంది. కార్డు పోయిందని కొట్టండి. కార్డుని ఆపేస్తారు."

"పోలేదుగా."

"పోబోతోంది."

"పోయాక కొడతాను."

"పాడైందని కొట్టండి పోనీ."

"నేను చూడలేదుగా బాబూ. చూడనిది రాస్తే అబద్ధమే. వయసులో ఉన్నప్పుడు కూడా చెప్పలేదు."

ఒక మనిషి ప్రాణం అన్నాడు కౌశిక్. ఎవరి ప్రాణం అన్నాడాయన. ఆ ఒక్క పేరు చెప్పడానికి వీల్లేదు. కౌశిక్ స్టీరింగ్ గట్టిగా పట్టుకుని చపాతీ నమిలాడు.

నాలుగూ ముప్పైకి కమ్మింగ్. పేరు బోర్డు కూడా లేని బూడిదరంగు గోదాము. కౌశిక్ ఏసీ మెకానిక్ యూనిఫాం తొడుక్కుని లోపలికి వెళ్ళాడు. తాళాల కోడ్ చదివే పెన్ను, కెమెరా ఉన్న వాచీ, వైరు దాచిన బెల్టు మూడూ రిసెప్షన్‌లోనే ట్రేలో పెట్టించారు.

"వర్క్ ఆర్డర్ పోర్టల్‌లో లేదు," అంది రిసెప్షనిస్టు. "సోమవారం రండి."

గాజు తలుపు అవతల మాయ కనిపించింది. మీగడరంగు సూటు, చెవులకు ముత్యాలు. సంతకం పెడుతోంది. గ్లవ్స్ వేసుకున్న క్లర్కు కార్డు ట్రే తెస్తున్నాడు. కౌశిక్ ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని కారు దగ్గరికి పరుగెత్తాడు.

"అంకుల్, మీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఉండండి, ఇప్పుడే ఫొటో వచ్చింది." పెద్దాయన కళ్ళజోడు నుదుటి మీంచి దించాడు. "విడుదల అవుతున్న కార్డు అట. ఇది మనది కాదు."

"ఏమిటి?"

"వాల్ట్‌కి పోస్టులో పంపింది నేనే. మనదానికి కేసు మూల చిట్లి ఉంటుంది. ఇది నున్నగా ఉంది. ఎక్కడో క్యాటలాగ్‌లోంచి తీసి పెట్టారు."

"ఫొటో సరిపోలడం లేదు అని ఒక ఆప్షన్ ఉంది చూడండి."

"ఇది నిజం. ఇది కొడతాను."

చూపుడువేలితో, తొందర లేకుండా కొట్టాడు.

లోపల మాయ వేళ్ళు కేసును తాకాయి. క్లర్కు వెనక కంప్యూటర్ తెర ఎర్రబడింది. అతను సారీ చెప్పి, ఆమె వేళ్ళ కిందనుంచి ట్రే లాక్కున్నాడు. ఆమె వాదించింది, బతిమాలింది, సూపర్‌వైజర్‌ని పిలవమంది. పొద్దుట్నుంచీ కౌశిక్ పడ్డదంతా పది నిమిషాల్లో పడి బయటికొచ్చింది. గుమ్మంలో అతను బేడీలు వేశాడు.

"ఏ గాడ్జెట్ వాడావు?" అంది.

"అంకుల్ కళ్ళజోడు."

వెనక సీట్లో దైవాశీర్వాదం ఆమెకు చోటిచ్చి జరిగాడు. చాలాసేపు ఆమె చేతులకేసి చూశాడు.

"రేపు ఆల్టో ఎవరు పాడతారమ్మా?"

మాయ బేడీలు కనబడకుండా సూటు చేతులు కిందికి లాక్కుంది.

మర్నాడు ఉదయం అనురాధ ఫోన్. "వినయ్ ఫ్లైట్ ఎక్కాడు. ఇక కార్డు తెచ్చెయ్."

"కంప్లైంట్ తేలేదాకా ఇవ్వరట మేడమ్. నలభై ఐదు పనిదినాలు."

"లోపల భద్రంగానే ఉందా?"

"ఉందనే అంటున్నారు. రుజువు అడిగితే మళ్ళీ అదే ఫొటో పంపారు. మూల నున్నగా ఉంది."