కాంటా మలుపు దగ్గర ఒక దెబ్బ

చీకటి పడ్డాక కాంటా మలుపు దగ్గర బండి ఆపకూడదంటారు. ఆపకుండా పోకూడదని కూడా అంటారు. రెండూ చెప్పింది మెకానిక్ తాజుద్దీన్ భాయే.

ఏ.ఎస్. రావు నగర్ దాటాక మూతపడ్డ సీసాల ఫ్యాక్టరీ ఒకటుంది. దాని వెనుక పెద్ద సిమెంటు జాగా. ఆ జాగా చివర లారీలను తూచే పాత కాంటా. పక్కనే తుప్పుపట్టిన రేకుల గది. ఆ గది వెనుక ఏముందో ఇటు నుంచి కనబడదు.

ఒకప్పుడు అక్కడ షాలేమ్ అని ఒక లారీ క్లీనర్ ఉండేవాడట. లారీ కాంటా మీదికి వెనక్కి వస్తుంటే, వెంట నడుస్తూ బాడీ మీద అరచేత్తో కొట్టేవాడు. ఒక దెబ్బ — ఆగు. రెండు దెబ్బలు — పో. ఓ వానాకాలం రాత్రి ఒక దెబ్బ కొట్టాడు. డ్రైవరు పాటలు గట్టిగా పెట్టుకున్నాడు.

వినలేదు...

"అప్పట్నుంచి," తాజుద్దీన్ భాయ్ గొంతు తగ్గించాడు, "చీకటి పడినంక అటు పోయే బండి మీద కొడ్తడంట అక్కా."

"ఆపకపోతే?"

"ఇంతవరకు ఎవలు ఆపకుండ పోలే. అందుకే ఎవలకు ఎర్క లేదు."

మా అమ్మాయి రవళిక పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. అప్పటికి ఇంకా వెలుతురుంది.

తర్వాత జరిగింది నాకే.

నా పేరు కల్పలత. మాది మల్కాజ్‌గిరి. నలభై ఏడేళ్లు. మా నాన్న బిక్షం సిటీ బస్సు డ్రైవరు. చిన్నప్పుడు ఆయన బస్సులోనే బడికి పోయేదాన్ని. పక్క డిపో డ్రైవర్లెవరైనా ఎక్కితే, కొత్త కండక్టరు టికెట్ అడగబోయేవాడు. నాన్న వెనక్కి తిరగకుండానే "స్టాఫ్" అనేవాడు. అంతే. కండక్టరు టికెట్ కొట్టకుండా ముందుకు పోయేవాడు.

బస్సు రేకు మీద కండక్టరు దెబ్బ ఒకటి పడితే నాన్న కాలు బ్రేకు మీద. రెండు పడితే గేరు. రెండు పడగానే కుడిచెయ్యి కిటికీలోంచి బయటపెట్టి ఊపేవాడు... విన్నానని.

ఈ వయసులో కారు పందేలేంటంటారా? రాంగోపాల్‌పేట్‌లో తాజుద్దీన్ భాయ్ షెడ్డుకు కారు చూపించుకోవడానికి పోయాను. ఆ సందులోంచి నేను వెనక్కి తీసిన తీరు చూసి, "అక్కా, శనివారం మేము కోన్లు పెట్టి తోల్తం. ఒక్కసారి వచ్చి చూడున్రి," అన్నాడు. పోయాను. ఒక్కసారితో ఆగలేదు.

పెద్ద పందెమేం కాదు. ఆ ఫ్యాక్టరీ జాగాలో కాంటా దాకా ఒక్కో కారే వెళ్లాలి. ప్లాస్టిక్ కోన్ల మధ్య తిరిగి రావాలి. గడియారం చూస్తారు. కోను తగిలినా, చెయ్యి బయట పెట్టినా ఐదు సెకన్లు కలుపుతారు.

ఆ శనివారం పేర్లు ఏరే రోజు. మూడు అవకాశాలు. ఒక్కసారైనా రెండు నిమిషాల్లోపు తిరిగొస్తేనే ఆదివారం పోటీలో పేరు. రాకపోతే కారు మా మరిది పద్మనాభానికి ఇచ్చేయాలని మా అత్త పుష్పమ్మ నా దగ్గర మాట తీసుకుంది. నేనూ ఇచ్చాను. పద్మనాభం కారులో పెళ్లిళ్లకు మాత్రమే పోతాడు. స్పీడు ముప్ఫై దాటనివ్వడు. నా కారు అక్కడ ముసలిదైపోతుంది. నేనిక్కడ.

మొదటిసారి.

ఆరున్నర దాటింది. డిసెంబరు చీకటి. హెల్మెట్‌లో నా ఊపిరి నాకే వినిపిస్తోంది. కోన్లు దాటాను... రేకుల గది వచ్చింది... కాంటా దగ్గర బండి గిర్రున తిప్పాను —

ధబ్!

వెనుక నుంచి. ఒక్కటే.

కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. ఇంజను ఆగిపోయింది. అద్దంలో చూశాను... ఎవరూ లేరు. తాళం తిప్పబోతే చెయ్యి జారింది. మళ్లీ జారింది.

తిరిగొచ్చేసరికి మూడు నిమిషాలు.

"ఏమైందక్కా?"

"ఏం లేదు."

రెండోసారి. పళ్లు బిగబట్టాను. ఏం వినబడినా ఆగొద్దనుకున్నాను. అదే గది... అదే మలుపు —

ధబ్!

అదే కాలు. అదే బ్రేకు.

రవళిక ఎదురొచ్చింది. "మమ్మీ, ఇది తొమ్మిది గంటల బస్సు కాదు. స్టాప్ స్టాప్‌కు ఆపకు."

నేను నవ్వలేదు. "వెనుక నుంచి కొట్టిండు," అన్నాను. "ఒకటే."

తాజుద్దీన్ భాయ్ ముఖం మారింది. పెదాలు కదిలాయి... ఏదో చదువుకుంటున్నాడు. కాసేపటికి ఆయనలోని మెకానిక్ మేలుకున్నాడు. "జెర ఆగున్రి," అని డిక్కీ ఎత్తాడు.

ఖాళీ. పందేనికి ముందు బండిలో కదిలే వస్తువులన్నీ తీసేయాలి. గొడుగు, నీళ్ల సీసా, చివరికి స్టెప్నీ కూడా ముందురోజే ఇంటి దగ్గర తీసేశాం. ఆయన అడుగున పరిచిన పట్టా అంచు పట్టుకున్నాడు. మెల్లగా పైకెత్తాడు.

స్టెప్నీ ఉండే గుంతలో... తెల్లగా... గుండ్రంగా... తల లాంటిదేదో ఉంది. నుదుట ఎర్రగా.

రవళిక కెవ్వుమంది.

బూడిద గుమ్మడికాయ. పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి.

ఇంటికి ఫోన్ చేశాను. "అత్తమ్మా, డిక్కీల గుమ్మడికాయ..."

"నేనే పెట్టిన. ముందల కడ్తనంటే కట్టనిస్తివా? అంతమంది మొగోళ్ల నడుమ తోల్తున్నవ్, దిష్టి తగలదా?"

"నేను ఓడిపోవాలనే కదా నీకు?"

"ఓడిపోతే ఓడిపో. దెబ్బ తగలొద్దు. పగిలిందా?"

"లేదు."

"మంచిది. పైలంగ తీస్కరా."

తీరా చూస్తే, గట్టి మలుపంటూ ఉన్నది కాంటా దగ్గర ఒక్కటే. అక్కడే కాయ దొర్లి రేకుకు కొడుతోంది. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. అందరికంటే తాజుద్దీన్ భాయ్ ఎక్కువ నవ్వాడు. "షాలేమ్ సాబ్, మాఫ్ చెయ్యి," అని ఆ కాయకు సలాం కొట్టి రవళిక చేతిలో పెట్టాడు.

మూడోసారి. ఇదే ఆఖరు.

భయం లేదు. డిక్కీ ఖాళీ. కోన్లు రయ్యిన వెనక్కి పోతున్నాయి. నవ్వొస్తోంది కూడా. రేకుల గది... కాంటా... తిప్పాను —

ధబ్.

ఒక్కటే.

కాయ రవళిక చేతిలో ఉంది. నా కళ్లతో చూశాను.

ఆపితే పేరు పోతుంది. కారు పోతుంది. తొక్కేయాలి. కానీ... పాటలు పెట్టుకున్న ఆ డ్రైవరు గుర్తొచ్చాడు.

నేను బస్సు డ్రైవరు బిడ్డను. ఆపాను.

లైట్ల వెలుగులోకి, గది వెనుక నుంచి ఒక కుక్క వచ్చింది. దాని వెనుక కుక్కపిల్లలు. ఒకటి... రెండు... మూడు. నాలుగోది సరిగ్గా నా ముందు కూర్చుని చెవి గోక్కుంది. గడియారం నడుస్తోంది.

లేచింది. పోయింది.

ధబ్ ధబ్.

తొక్కాను. నా కుడిచెయ్యి కిటికీలోంచి బయటికి పోయి ఊగింది. నేను ఊపలేదు... అదే ఊగింది.

తాజుద్దీన్ భాయ్ గడియారం నా ముఖం ముందు పెట్టాడు. ఒక నిమిషం నలభై ఆరు సెకన్లు. రవళిక గుమ్మడికాయను ఎత్తుకునే గంతులేసింది. నేను కారు దిగలేదు.

ఇంతలో బానో వచ్చింది. స్కూలు టీచరు. కాంటా మలుపు అవతల జెండా పట్టుకుని నిలబడి, తప్పులు రాసుకునే పని ఆమెది. ఆ రోజే కొత్తగా చేరింది. షాలేమ్ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"అక్కా, చెయ్యి బయట పెట్టిన్రు. ఐదు సెకన్లు కలుపుతున్న."

ఒకటి యాభై ఒకటి. ఫరవాలేదు. పేరు ఉంటుంది.

బానో పోలేదు. పుస్తకం మీద పెన్ను ఆనించి అలాగే నిలబడింది.

"మరి... ఎనక డిక్కీ పట్టుకొని ఏలాడుకుంట వచ్చిండు కదా, ఆయనకు హెల్మెట్ లేకుండె. దానికి ఎన్ని సెకన్లు రాయాలె?"

తాజుద్దీన్ భాయ్ నావైపు చూశాడు. రవళిక చేతుల్లోంచి గుమ్మడికాయ జారి, సిమెంటు మీద పడి పగిలింది.

నేను వెనక్కి తిరగలేదు.

"రాయకమ్మా," అన్నాను. "స్టాఫ్."