సుప్రియ ఫైనల్

పెళ్ళిచూపులకు వచ్చిన అబ్బాయి అమ్మాయి వైపు కాకుండా కాగితం వైపు చూస్తుంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. జయపాల్ సరిగ్గా అదే చేశాడు. టీ గ్లాసు కింద పెట్టి, చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితాలు రెండు తీసి, మోకాలి మీద సాపు చేసుకుని, "ఇందులో మూడు చోట్ల నాకు అర్థం కాలేదండీ" అన్నాడు.

తర్లుపాడులో అమ్మాయి తండ్రి పిచ్చయ్య గారి ముందుగదిలో అందరూ ఆ కాగితాల వైపు తిరిగారు. అప్పుడే ప్రార్థన ముగించిన పాస్టరు అయ్యగారు కళ్ళు మళ్ళీ మూసుకోవాలా అక్కర్లేదా అన్న ఆలోచనలో పడ్డారు.

సుప్రియ అప్పటిదాకా అబ్బాయిని సరిగ్గా చూడనే లేదు. చూడకుండానే వద్దని చెప్పేయాలని నిర్ణయించుకుంది కాబట్టి చూపులు ఖర్చు చేయడం దండగనుకుంది. ఇప్పుడు మాత్రం చూసింది. అబ్బాయిని కాదు, కాగితాన్ని.

అది ఆమె రాసిందే.

హైదరాబాదులో స్పీచ్ థెరపీ డిగ్రీ పూర్తిచేసి వచ్చి, మంగళూరులో ఒక కాలేజీకి స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ ఎమ్మెస్సీ కోసం అప్లై చేసింది. ఈ చదువు నీకెందుకో రెండు పేజీల్లో చెప్పమన్నారు వాళ్ళు. పదకొండు సార్లు కొట్టేసి పన్నెండోసారి కుదిరిన ఆ స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, గిద్దలూరు బస్సు డిపోలో కండక్టరైన ఈ అబ్బాయి మోకాలి మీద ఏం చేస్తోంది?

"ఇది మీకెట్ల వచ్చింది?"

"బయోడేటా అని వాట్సప్‌లో పంపినారు" అన్నాడు జయపాల్. "నెట్ సెంటర్ నిత్యానందం."

"మేమూ అదే అడుగుదామనుకున్యాం వదినా" అంది జయపాల్ తల్లి యేసుమణి, సుప్రియ తల్లి మగ్దలీనమ్మ వైపు తిరిగి. "ఎత్తు రాయలే, రంగు రాయలే, బాప్తిస్మం ఎప్పుడో రాయలే. రెండు పేజీలూ ఇంగ్లీషే. మావాడు మూడు దినాల నుంచి డిక్షనరీ పెట్టుకోని చదువుతానే ఉన్నాడు. పదో తరగతికి కూడా ఇంత చదవలే."

"నేను ఒకే పేజీ రాయించినా వదినా! పైన సిలువ బొమ్మ కూడా పెట్టమన్యా!" మగ్దలీనమ్మకు ఏడుపొచ్చినంత పనైంది.

సుప్రియ బుర్రలో లెక్క మెల్లగా తేలింది. నిత్యానందం మార్కాపురం బస్టాండు పక్కన కూర్చుని ఆధార్ నుంచి ఫ్లెక్సీ దాకా అన్నీ చేస్తాడు. ఎవరి ఫైలుకైనా వాళ్ళ పేరే పెట్టి పక్కన ఫైనల్ అని తగిలిస్తాడు. గురువారం పొద్దున అమ్మ వెళ్ళి బయోడేటా చేయించింది. సాయంత్రం తను వెళ్ళి అప్లికేషన్ పెట్టింది. అబ్బాయి వాళ్ళకు బయోడేటా ఆయన ఆ రాత్రే పంపి ఉంటాడు. ఫైలు రెండువందల కేబీ దాటకూడదంటే, ఆయనే కుదించి ఎక్కించాడు.

ఇది ఇక్కడికి వచ్చిందంటే, అది అక్కడికి వెళ్ళింది.

మంగళూరులో ప్రొఫెసర్లు ఇప్పుడు ఆమె గురించి ఏం తెలుసుకుని ఉంటారో సుప్రియకు కళ్ళకు కట్టింది. అయిదడుగుల రెండంగుళాలు. చామనఛాయ. వంటా కుట్లూ వచ్చు. దైవభక్తి గలిగి, ప్రభుత్వ ఉద్యోగం చేయుచున్న వరుడు కావలెను.

"నాయనా, టైమెంత?"

పిచ్చయ్య ముప్పై ఏళ్ళుగా పలకల ఫ్యాక్టరీలో కోత మిషను దగ్గర పనిచేస్తున్నాడు. ఆయనకు సగమే వినబడుతుంది, అందుకని అందరికీ రెండింతలు వినిపించేలా మాట్లాడతాడు. "మూడైతాంది! ఏమైంది పాపా?"

"ఇయ్యాల అయిదింటికి లాస్ట్ డేట్. ఆ లోపల నిత్యానందం దగ్గరికి పోయి ఫైలు మారిస్తే మారినట్టు. లేకపోతే మళ్ళా సంవత్సరం దాకా లేదు."

ఆదివారం మధ్యాహ్నం. ఆటోలన్నీ చర్చి నుంచి జనాన్ని దింపి నిద్రపోతున్నాయి. సుప్రియ లేచి నిలబడి, పెళ్ళిచూపుల్లో ఏ అమ్మాయీ అడగని ప్రశ్న అడిగింది.

"మీ బండిలో పెట్రోలుందా?"

జయపాల్ ఒక్క క్షణం ఆగి తలూపాడు. యేసుమణి ముఖం వెలిగిపోయింది. మగ్దలీనమ్మ అయ్యగారి వైపు చూసింది. అయ్యగారు పిచ్చయ్య వైపు చూశారు. పిచ్చయ్యకు ఈ అప్లికేషన్ సంగతి ముందే తెలుసు కాబట్టి, వీధి చివరి వరకూ వినబడేట్టు అన్నాడు. "తీస్కపో నాయనా! జాగ్రత్తగా తీస్కపో!"

వీధి చివర వినేవాళ్ళు తమకు తోచిన అర్థం తాము తీసుకున్నారు.

*

ఊరు దాటగానే చినుకులు మొదలయ్యాయి. సుప్రియ కాగితాలను చున్నీలో చుట్టుకుంది.

"మూడు చోట్లన్నారు గదా. ఏవి?"

"ఫ్లూయెన్సీ అంటే తడబడకుండా మాట్లాడడమని డిక్షనరీలో దొరికింది. రెండోది, రెండేళ్ళ తర్వాత మా పల్లెలకే వస్తానన్నారు. ఎవరూ రారు గదా, మీరెందుకు వస్తారు?"

"మార్కాపురంలో పిల్లలకు మాటలు రాకపోతే ఒంగోలు పోవాల, గుంటూరు పోవాల. పోలేనోళ్ళు దర్గాకో ప్రార్థనకో పోతారు. అందుకు."

"ఆఁ." గేరు మార్చాడు. "అయిదింటి లోపల ట...టౌనుకి పోతాం, భయపడొద్దు."

సుప్రియ చెవులు నిక్కబొడుచుకున్నాయి. టౌను అనడానికి ముందు అతని పెదవులు ఇంకో అక్షరం కోసం కలుసుకోవడం బండి అద్దంలో కనబడింది. మార్కాపురంలోని 'మ'. అది రాకపోతే పక్కదారి పట్టి టౌనులో తేలాడు. నాలుగేళ్ళ చదువు ఊరుకుంటుందా? వద్దనుకుంటూనే లెక్క పెట్టింది. ఊరి చివరి నుంచి రైలు గేటు దాకా మూడు పక్కదారులు. నాలుగోసారి లెక్క తప్పింది, ఎందుకంటే అప్పుడతను నవ్వాడు. లెక్క తప్పించే నవ్వులకు క్లాసులో ఏ పేరూ చెప్పలేదు.

తను చూస్తున్నది అబ్బాయినా, కేసునా? సుప్రియకు తెలియలేదు. రెండిట్లో ఏదైనా తప్పే అనిపించింది.

"మూడోది?" అంది.

జయపాల్ బండి పక్కకు తీసి, రైలు గేటు దగ్గర వేపచెట్టు కింద ఆపాడు. దిగి, వెనక్కి తిరిగి ఆమె ముఖంలోకి మొదటిసారి సూటిగా చూశాడు.

"రెండో పేజీ. కండక్టరు."

సుప్రియ చున్నీలోని కాగితం బరువెక్కింది. డిగ్రీ మొదటి సంవత్సరంలో సెలవులకు వస్తూ గిద్దలూరు బస్సెక్కింది. అందరి ముఖాలకూ మాస్కులున్న రోజులవి. ఆ బస్సులో కండక్టరు స్టాపుల పేర్లు పిలవలేదు. టికెట్ మిషనుతో కమ్మీ మీద కొట్టాడు. కంభానికి ఒకసారి, తర్లుపాడుకు రెండు, మార్కాపురానికి మూడు. ముసలమ్మలు కూడా ఆ లెక్క విని దిగిపోతున్నారు. ఒక్క మాట చెప్పలేని మనిషి యాభై మందిని ఇంటికి చేరుస్తున్నాడని రాసింది. సిగ్గుతో ఊళ్ళ పేర్లు పలకడనీ, ఇలాంటివాళ్ళ కోసమే ఈ చదువనీ రాసింది. పన్నెండు సార్లు రాసినప్పుడూ కొట్టేయని పేరా అదొక్కటే.

"అది మీరా?"

"ఆ లైనులో ఇంకెవరూ కమ్మీ కొట్టరు."

"నాకు తెలీదు. ఒట్టు. మాస్కు ఉండె గదా."

"అదే అర్థం కాలే." ఒక్కొక్క మాటా ఏరి పెడుతున్నాడు. "సంబంధం చూస్తున్నామని చెప్పి నా సంగతే రాసి పంపినారే అని. నాకు పరీక్ష పెట్టినారా, ఎగతాళి చేసినారా, లేకపోతే తెలిసే ఒప్పుకున్నారా? నా నత్తి సంగతి మా అమ్మ ఎవరికీ చెప్పదు, మావాడు తక్కువ మాట్లాడతాడు అంటాది. మూడు దినాలు చదివినా. అడగాలని వచ్చినా. అంతే."

"పెళ్ళి కోసం కాదా?" అని అడిగేసి సుప్రియ నాలుక కరుచుకుంది. ఆ ప్రశ్న తనెందుకు అడిగిందో, జవాబు కోసం ఎందుకు ఎదురుచూస్తోందో అర్థం కాలేదు.

"వాన పెద్దదైతాంది" అన్నాడు జయపాల్, బండి ఎక్కుతూ. అది జవాబు కాదు.

*

నిత్యానందం వాళ్ళిద్దరూ తడిసి ముద్దయి లోపలికి రావడం చూసి, ఎవరూ అడగకుండానే కంప్యూటర్లో బయోడేటాల ఫోల్డరు తెరిచాడు. "శుభలేఖా? సిలువ బొమ్మ బంగారు రంగులో పెడతా!"

"అన్నా, నా అప్లికేషన్‌కి నా బయోడేటా ఎక్కించినావు!"

ఆయన చూశాడు. మళ్ళీ చూశాడు. "ఇది సుప్రియ ఫైనల్. అది గూడా సుప్రియ ఫైనలే గదా చెల్లెమ్మా! ఒకటి ఈ ఫోల్డర్లో, ఒకటి ఆ ఫోల్డర్లో. నేను మాత్రం ఏం జేద్దును?" తల గోక్కున్నాడు. "అందుకా! నిన్న ఎవరో మేడమ్ ఇంగ్లీషులో ఫోన్ చేసి, ఇది పొరపాటునా, కావాలనా అని అడిగింది. రాంగ్ నంబర్ అని పెట్టేసినా."

"ఫారంలో నీ నంబరు ఇచ్చినావా?"

"ఓటీపీ నాకొస్తే పని జప్పున అయితాది గదా. అందరికీ నా నంబరే ఇస్తా."

మార్కాపురం చుట్టుపక్కల ఎంతమంది చదువులు ఈ ఒక్క ఫోనులో రాంగ్ నంబర్లయి ఉంటాయో తలుచుకునే టైము కూడా లేదు. నాలుగూ ఇరవై. ముందు నంబరు మార్పించింది. ఫైలు తెరిచింది. రెండో పేజీ దగ్గర ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

"తీసేస్తా" అంది జయపాల్‌తో.

"ఏంది?"

"మీ పేరా. మిమ్మల్ని అడగకుండా రాసినా. ఎవరినీ అడగకుండా వాళ్ళ సంగతి రాయకూడదని మాకు మొదటి సంవత్సరంలోనే చెప్పినారు."

"అది తీసేస్తే ఇంకేముంది?" అన్నాడు నిత్యానందం, తెర మీదకు వంగి. ఇంగ్లీషు ఆయనకు పెద్దగా రాకపోయినా పేరాల పొడుగు తెలుసు. "సగం ఖాళీ అయితాది."

నిజమే. అది పోతే మిగిలేది అందరూ రాసేదే. నాలుగూ ఇరవై ఎనిమిది. జయపాల్ స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"తీయొద్దు. ఒక్కటి మార్చండి."

"ఏది?"

"సిగ్గు అని రాసినారు. సిగ్గు కాదు." ఆగాడు. మాట ఇరుక్కుంది. సుప్రియ కీబోర్డు మీది నుంచి చేతులు తీసి అతని వైపు తిరిగింది. వచ్చింది. "టైము. త...తర్లుపాడు అనడానికి నాకు అరనిమిషం పడితే తర్లుపాడు దాటిపోతాది. ముసలోళ్ళు వెనక్కి నడవాల. అందుకని కమ్మీ కొడతా. టికెట్లు ఇచ్చేటప్పుడు, ఎవరూ తొందర పెట్టకపోతే, నేను బాగానే మాట్లాడతా."



సుప్రియ సిగ్గు అన్న మాట కొట్టేసింది. అతను చెప్పింది చెప్పినట్టు రాసింది. ఇలాంటివాళ్ళ కోసమే అన్నది కూడా కొట్టేసి, ఇలాంటివాళ్ళను అడిగి నేర్చుకోవడం కోసం అని మార్చింది. చదివి వినిపించింది. జయపాల్ తలూపాడు. నిత్యానందం ఏమీ అర్థం కాకపోయినా కళ్ళు తుడుచుకున్నాడు.

సర్వర్ రెండుసార్లు తిరిగి తిరిగి నిలిచిపోయింది. మూడోసారి, నాలుగూ యాభై ఒకటికి, ఎక్కింది. ఎక్కినది ఏమిటో సుప్రియ తెరిచి, మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చూసుకుంది.

*

బయట వాన జోరుగా కురుస్తోంది. ఇద్దరూ బస్టాండు రేకుల కింద నిలబడ్డారు. ఇంటి నుంచి ఫోను మోగడం అది ఏడోసారి.

"ఇంట్లో ఏం చెప్పాల?" అంది సుప్రియ.

"మీకు వద్దంటే నేనే వద్దన్నానని చెప్తా. మీ మీద మాట రాదు."

"నాకు వద్దని నేనెప్పుడన్నా?"

"కావాలని కూడా అనలే గదా."

"నాకే తెలీదు." చున్నీ కొసలు పిండుకుంటూ నిజం చెప్పేసింది. "పొద్దున దాకా తెలుసు. ఇప్పుడు తెలీదు. చదవాల, అది ఖాయం. దానికి రెండేళ్ళు. మిగిలిందంతా గందరగోళం. మీరు నవ్వితే లెక్క తప్పుతాంది."

"ఏం లెక్క?"

"ఏం లేదులెండి."

జయపాల్ ఏదో చెప్పబోయాడు. "నేను రె..." దగ్గర మాట ఆగిపోయింది. మెడ నరం బిగుసుకుంది. ఈసారి అతను పక్కదారి వెతకలేదు. ఆ మాటే కావాలన్నట్టు అక్కడే నిలబడ్డాడు.

ఆ మాట ఏమిటో సుప్రియకు తెలుసు. నాలుక చివర సిద్ధంగా ఉంది. అందించేస్తే అయిపోతుంది. ఎదుటివాళ్ళ మాట మనం పూర్తిచేయకూడదని నాలుగేళ్ళు చదివింది, పరీక్షల్లో రాసింది, పిల్లల తల్లులకు చెప్పింది. అది ఇంత కష్టమని మాత్రం ఏ మేడమూ చెప్పలేదు. కంభం బస్సొకటి వచ్చి, ఆగి, జనాన్ని ఎక్కించుకుని వెళ్ళిపోయింది. ఆమె కదలలేదు. కళ్ళు తిప్పుకోలేదు.

"రె...రెండేళ్ళు ఆగుతా" అన్నాడు.

ఫోను మళ్ళీ మోగింది. సుప్రియ ఎత్తింది.

"ఏమైందే?" మగ్దలీనమ్మ గొంతు. వెనకాల యేసుమణి, పిచ్చయ్య, ఇంకా ఎవరెవరివో గొంతులు. "అప్లికేషనో ఏందో అయిందా?"

"అయింది. సీటొస్తే రెండేళ్ళు ఆగుతాడంట."

"రాకపోతే?"

సుప్రియ ఫోను పక్కకు పెట్టి అడిగింది. జవాబు విని నవ్వు ఆపుకుంది. "రాకపోతే మూడేళ్ళంట. మళ్ళీ సంవత్సరం అప్లై చెయ్యాల గదా."

మగ్దలీనమ్మ గొంతు తగ్గించి, బతిమాలుతున్నట్టు అడిగింది. "ఇంతకీ ఇది ఔనా, కాదా? అయ్యగారు ముగింపు ప్రార్థన ఏమని చెయ్యాలో తెలీక రెండు గంటల నుంచి కూచోనున్నారే!"

సుప్రియ జయపాల్ వైపు చూసింది. తడిసిన చొక్కాతో, ఎవరూ తొందర పెట్టని మనిషిలా తీరిగ్గా నిలబడి ఉన్నాడు.

"ఔననే చెయ్యమనమ్మా" అంది. "కాని ముందు సీటు కోసం చెయ్యమను. పెళ్ళి దాని తర్వాత."